బిడ్డ ఎస్ఎన్‌సీయూలో ఉంటే తల్లి రాత్రి ఎక్కడ పడుకోవాలి?

నెలలు నిండకుండా కిలో మూడొందల గ్రాములతో పుట్టిన బిడ్డ ఎస్ఎన్‌సీయూ నుంచి, అంటే జబ్బుపడ్డ, బరువు తక్కువ పసిపిల్లలను ఉంచే ప్రత్యేక వార్డు నుంచి, ఇంటికి రావాలంటే నాలుగు వారాలు పట్టొచ్చు, ఆరు వారాలు కూడా పట్టొచ్చు. ఆ బిడ్డను కన్న తల్లి లెక్క వేరే. మామూలు కాన్పు అయితే మూడు రోజులు, ఆపరేషన్ అయితే ఏడు రోజులు. 2011లో మొదలైన జననీ శిశు సురక్షా కార్యక్రమంలో తల్లికి ఉచిత భోజనం రాసిపెట్టింది కూడా ఈ లెక్కనే. ఆ గడువు దాటాక కాన్పుల వార్డులో ఆమె మంచం ఇంకో బాలింతకు కావాలి, ఇచ్చేయక తప్పదు, అందులో వార్డు నర్సును అనాల్సింది ఏమీ లేదు. కానీ డిశ్చార్జి షీటు చేతికొచ్చిన క్షణం నుంచి ఆమె రోగి కాదు, రోగి తాలూకు మనిషి. ఒంట్లో కుట్లు ఆరలేదు, పాలు ఇప్పుడిప్పుడే పడుతున్నాయి, బిడ్డ లోపల వెచ్చగా ఉంచే బాక్సులో ఉంది. ఆ రాత్రి ఆమె ఎక్కడ పడుకుంటుందన్నది చాలా ఆసుపత్రుల్లో ఎవరి బాధ్యతా కాదు. ఇక్కడ చెప్పదలచుకున్నది ఒకటే: ఆ పడక బిడ్డ చికిత్సలో భాగం, వెంటిలేటర్, కామెర్లకు పెట్టే ఫోటోథెరపీ లైటు ఎలాగో అలాగే, కాబట్టి దాన్ని కూడా చికిత్స ఖర్చులోనే లెక్కగట్టాలి.

కర్నూలు పెద్దాసుపత్రిని తీసుకుంటే ఈ సమస్య ఎంత పెద్దదో తెలుస్తుంది. బుధవారపేటలో ఉన్న ఆ ఆసుపత్రికి వచ్చేది కర్నూలు టౌన్ వాళ్లు మాత్రమే కాదు. ఆదోని, ఆలూరు, కోసిగి, కౌతాళం, హొళగుంద వైపు నుంచి, నంద్యాల, ఆత్మకూరు, శ్రీశైలం వైపు నుంచి, తెలంగాణలో గద్వాల నుంచి, కర్ణాటకలో రాయచూరు, బళ్లారి నుంచి కూడా వస్తారు. ఆదోని నుంచి కర్నూలు సుమారు వంద కిలోమీటర్లు, అక్కడి నుంచి లోపలి ఊళ్లకు ఇంకో ముప్పై నలభై. పడమటి మండలాల గుండా పోయే రైలు మార్గం ఆదోని, కోసిగి, మంత్రాలయం రోడ్డు మీదుగా పోతుందే గానీ కర్నూలును తాకదు, కాబట్టి బస్సే దిక్కు. బిడ్డను ఇక్కడ పెట్టి రోజూ ఊరికి పోయి రావడం ఆ దూరం నుంచి ఒంటికి బాగున్న మగవాడికే కష్టం, ఆపరేషన్ అయిన బాలింతకు కుదిరే పని కాదు.

పైగా ఈ పడమటి మండలాల నుంచే మిరపకాయలు కోయడానికి గుంటూరు వైపు, కట్టుబడి పనులకు బెంగళూరు వైపు కుటుంబాలకు కుటుంబాలు సుగ్గికి పోతాయి. కడుపుతో ఉన్న మనిషి పనిచోట ఎండలో వంగి పనిచేసి, సరిగా తినక, రక్తం తక్కువై, నెలలు నిండకుండానే కాన్పయిందంటే ఆ బిడ్డకు ఎస్ఎన్‌సీయూ అవసరం పడే అవకాశం ఎక్కువ, ఆ కుటుంబానికి టౌన్‌లో రూము తీసుకునే శక్తి తక్కువ. రెండూ ఒకే ఇంటి మీద పడతాయి. టౌన్‌లో సొంత ఇల్లో చుట్టాలిల్లో ఉన్నవాళ్లకు ఈ వ్యాసం అక్కర్లేదు.

ప్రభుత్వ మార్గదర్శకాల ప్రకారం 1800 గ్రాముల కంటే తక్కువ బరువుతోనో, 34 వారాలు నిండకుండానో పుట్టిన బిడ్డను ఎస్ఎన్‌సీయూలో చేర్చాలి. దేశంలో ఒక్క 2020లోనే 30 లక్షల మందికి పైగా పిల్లలు నెలలు నిండకుండా పుట్టారని అంచనా, ప్రపంచంలో ఇంకే దేశంలోనూ ఇంతమంది లేరు. వీళ్లందరూ ఎస్ఎన్‌సీయూకి వచ్చేంత చిన్నవాళ్లు కాకపోవచ్చు గానీ, వచ్చినవాళ్లు వారాల తరబడి ఉంటారు, అక్కడే తల్లి పడక ప్రశ్న మొదలవుతుంది.

రాత్రి గురించే ఎందుకు ఇంతగా చెప్పాలంటే, ముందు పాల సంగతి చూడాలి. బాక్సులో ఉన్న బిడ్డ రొమ్ము పట్టలేదు, తల్లి పాలు పిండి ఇస్తే నర్సు ట్యూబు ద్వారా రెండు గంటలకోసారి పడుతుంది. బిడ్డ నేరుగా చీకకపోయినా పాలు పడుతూ ఉండాలంటే తల్లి రోజుకు కనీసం ఎనిమిది సార్లు పిండాలి, అందులో ఒకసారైనా రాత్రిపూట ఉండాలి, ఎందుకంటే పాలు తయారుచేయించే ప్రోలాక్టిన్ హార్మోను రాత్రిళ్లే ఎక్కువగా ఉంటుంది. మొదటి రెండు వారాల్లో ఈ వరస తప్పితే పాలు తగ్గిపోతాయి, తర్వాత ఎంత తంటాలు పడ్డా మళ్లీ పెంచడం కష్టం. సాయంత్రం ఆరింటికి బస్సెక్కి ఊరికి పోయిన తల్లి మరుసటి రోజు పదింటికి వస్తే మధ్యలో పదహారు గంటలు. ఇంటి దగ్గర పిండినా ఆ పాలు ఎలా తేవాలి? పిండిన పాలు 25 డిగ్రీల దగ్గర నాలుగు గంటలు నిలవుంటాయి, ఫ్రిజ్‌లో నాలుగు రోజులు. కర్నూలు ఎండాకాలంలో 42, 43 డిగ్రీలు మామూలే, బస్సులో మూడు గంటలు తెచ్చిన పాలను ఏ నర్సూ బిడ్డకు పట్టదు, పట్టకూడదు కూడా.

అప్పుడు డబ్బా పాలు మొదలవుతాయి. నెలలు నిండని పిల్లల్లో పేగులు దెబ్బతినే నెక్రోటైజింగ్ ఎంటెరోకొలైటిస్ అనే జబ్బు ప్రాణం మీదికి తెస్తుంది, తల్లి పాలు దాన్ని తగ్గిస్తాయి, డబ్బా పాలతో ఆ ప్రమాదం పెరుగుతుంది. అంటే తల్లికి మంచం లేకపోవడం అనే చిన్న విషయం మెల్లగా నడిచి నడిచి బిడ్డ పేగుల దాకా వస్తుంది. ఇందులో ఎక్కడా తల్లి నిర్లక్ష్యం లేదు, అయినా చివరికి మాట పడేది ఆమే. "పాలు లేవంట", "ఆమెకు పాలు పడలేదు" అని ఇరుపక్కల చుట్టాలూ తేల్చేస్తారు.

రెండోది, ఇంకా పెద్దది, కంగారూ పద్ధతి. బిడ్డను బట్టలు లేకుండా తల్లి గుండెల మీద చర్మానికి చర్మం తగిలేలా నిలువుగా కట్టుకోవడం. 1978లో కొలంబియా రాజధాని బొగోటాలో ఇంక్యుబేటర్లు అనే ఆ బాక్సులు చాలక డాక్టర్ ఎడ్గార్ రే మొదలుపెట్టిన పద్ధతి ఇది. చాలాకాలం దీన్ని బిడ్డ కాస్త కుదుటపడ్డాక చేసే పనిగానే చూశారు. ఆ ఆలోచనను మార్చింది 2021లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన అధ్యయనం. ఘనా, ఇండియా, మలావి, నైజీరియా, టాంజానియాల్లోని ఐదు ఆసుపత్రుల్లో, కిలో నుంచి కిలో 799 గ్రాముల మధ్య బరువున్న 3,211 మంది పిల్లలతో చేశారు, మన దేశం నుంచి ఢిల్లీ సఫ్దర్‌జంగ్ ఆసుపత్రి అందులో ఉంది. పుట్టిన వెంటనే కంగారూ పద్ధతి మొదలుపెట్టిన పిల్లల్లో 28 రోజుల్లోపు చనిపోయినవాళ్లు 12 శాతం, కుదుటపడేదాకా ఆగి మొదలుపెట్టిన పిల్లల్లో 15.7 శాతం. తేడా ఎంత స్పష్టంగా ఉందంటే అధ్యయనాన్ని అనుకున్న గడువు కంటే ముందే ఆపేశారు.

ఈ అంకెలు చాలామంది చెబుతారు. వాటి పక్కనే ఉన్న ఇంకో అంకెను మాత్రం ఎక్కువమంది పట్టించుకోరు. మొదటి గుంపులోని పిల్లలు ఐసీయూలో ఉన్న రోజుల్లో తల్లి గుండెల మీదో, తల్లి బదులు ఇంట్లో ఇంకొకరి గుండెల మీదో ఉన్నది రోజుకు దాదాపు 17 గంటలు, రెండో గుంపులో గంటన్నర. పదిహేడు గంటలంటే పగలొక్కటే సరిపోదు, రాత్రి కూడా తల్లి అక్కడ ఉండాలి. అందుకే ఆ అధ్యయనం కోసం తల్లి మంచాన్నే ఐసీయూలోకి తెచ్చారు, బిడ్డ పక్కనే తల్లికి మంచం, ఆమె కుట్లకూ బీపీకీ కావాల్సిన చికిత్స కూడా అక్కడే. అసలు మందు ఆ మంచం. అది లేకుండా గోడ మీద కంగారూ పద్ధతి పోస్టరు అతికించి, పొద్దున పదకొండు నుంచి పన్నెండు దాకా తల్లిని లోపలికి పిలిచి బిడ్డను ఒళ్లో పెడితే, పేరు ఒకటే అయినా ఆ ఫలితం రాదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 నవంబరులో ఇచ్చిన సిఫార్సుల్లో రోజుకు 8 నుంచి 24 గంటలు, వీలైనంత ఎక్కువసేపు కంగారూ పద్ధతి ఉండాలని, పుట్టిన వెంటనే మొదలుపెట్టాలని రాసింది. మన కేంద్ర ఆరోగ్య శాఖ అయితే అంతకన్నా ముందే, 2017లో, కుటుంబ భాగస్వామ్య సంరక్షణ పేరుతో మార్గదర్శకాలు ఇచ్చింది, ఢిల్లీ రామ్ మనోహర్ లోహియా ఆసుపత్రి అనుభవం వాటి వెనక ఉంది. చేతులు ఎలా కడుక్కోవాలి, పాలు ఎలా పట్టాలి, ప్రమాద సూచనలు ఎలా గుర్తుపట్టాలి అన్నవి తల్లిదండ్రులకు నేర్పి, వాళ్లను బిడ్డ సంరక్షణలోకి తీసుకోవాలని అందులో ఉంది. తల్లినీ బిడ్డనూ ఒకేచోట ఉంచే ఎంఎన్‌సీయూలు పెట్టమని కూడా ఇప్పుడు ప్రోత్సహిస్తున్నారు. కాబట్టి కాగితం మీద కొరత పెద్దగా లేదు. మార్గదర్శకం తల్లిని బిడ్డ దగ్గర ఉండమంటుంది, డిశ్చార్జి పద్ధతి ఆమెను బయటికి పంపుతుంది, ఈ రెండూ ఒకే భవనంలో పక్కపక్కనే నడుస్తుంటాయి.

ఇక లామా సంగతి. డాక్టర్లు వద్దంటున్నా సంతకం పెట్టి బిడ్డను తీసుకెళ్లిపోవడాన్ని ఆసుపత్రి భాషలో లామా అంటారు. బిడ్డ కోలుకుని వెళ్లిందా, వేరే చోటికి పంపారా, లామానా, చనిపోయిందా అని ఎస్ఎన్‌సీయూ రికార్డుల్లో పడుతుంది. లామా అని పడగానే చదివేవాళ్లకు మనసులో మెదిలేది అవగాహన లేని కుటుంబం, మొండి మామగారు. ఒక్కసారి ఆ ఇంటివైపు నుంచి చూడండి. రెండు వారాలుగా తండ్రి కూలి పోయింది, ఇంటి దగ్గర పెద్దపిల్లను చూసేవాళ్లు లేరు, తల్లీ అమ్మమ్మా వరండాలో చాప మీద పడుకుంటున్నారు, దోమలు, బాత్రూము దూరం, బాలింతకు చలిజ్వరం మొదలైంది, డాక్టరమ్మ ఇంకో మూడు వారాలు అంటోంది. ఆ రోజు వాళ్లు సంతకం పెడితే అది అవగాహన లోపం ఎలా అవుతుంది? దేశవ్యాప్తంగా ఎస్ఎన్‌సీయూల్లో చేరే పిల్లల్లో మగపిల్లలే ఎక్కువ, దానికి శరీర తత్వం కొంత కారణం, ఆడపిల్ల కోసం అంత ఖర్చూ అంత శ్రమా పెట్టకపోవడం ఇంకొంత. బయట ఉండటానికి అయ్యే ఖర్చు పెరిగేకొద్దీ ఆ తూకం ఆడపిల్లకు ఇంకా వ్యతిరేకంగా మొగ్గుతుంది.

అభ్యంతరాలు లేకపోలేదు. మొదటిది ఇన్ఫెక్షన్. బయటివాళ్లు లోపలికి వస్తే బిడ్డలకు సోకుతుందన్న భయం సహజం, చాలామంది మంచి నర్సులకు కూడా ఉంటుంది. కానీ పైన చెప్పిన అధ్యయనంలోనే సెప్సిస్, అంటే ఒళ్లంతా పాకే ఇన్ఫెక్షన్, అనుమానం వచ్చిన కేసులు తల్లి దగ్గర ఉన్న గుంపులో 22.9 శాతం, రెండో గుంపులో 27.8 శాతం. తల్లి ఒంటి మీది సూక్ష్మజీవులు బిడ్డకు అలవాటైనవి, వాటికి కావాల్సిన రక్షణ ఆమె పాలల్లోనే అందుతుంది. ఎక్కువ భయపడాల్సింది ఒక బిడ్డ నుంచి ఇంకో బిడ్డకు మారే చేతుల గురించి, ఆ చేతులు తల్లివి కావు. అయితే వరండాలో, దుమ్ములో, స్నానానికి నీళ్లు లేని చోట రాత్రంతా గడిపిన తల్లి పొద్దున బిడ్డ దగ్గరికి వస్తే అప్పుడు ఇన్ఫెక్షన్ భయం నిజమే. దానికి మందు ఆమెను దూరంగా ఉంచడం ఎలా అవుతుంది, స్నానపు గదీ ఉతికిన బట్టా ఇవ్వాలి గానీ.

రెండోది స్థలం. ఉన్న ఎస్ఎన్‌సీయూలోనే వార్మర్, అంటే బిడ్డను వెచ్చగా ఉంచే పడక, మీద ఇద్దరు పిల్లల్ని పడుకోబెట్టాల్సి వస్తుంటే తల్లుల మంచాలు ఎక్కడ వేయమంటారు అని అడుగుతారు. నిజమైన ప్రశ్నే. స్వీడన్‌లో స్టాక్‌హోమ్‌లో ప్రతి కుటుంబానికీ విడి గది ఇచ్చి చూశారు, 2010లో వచ్చిన ఆ ఫలితాల్లో తల్లిదండ్రులు రాత్రీపగలూ ఉన్న పిల్లలు సగటున ఐదు రోజులకు పైగా ముందుగా ఇంటికి వెళ్లారు, 32.8 రోజులకు బదులు 27.4 రోజులకు. మనకు విడి గదులు రేపే రావు, ఆ మాట వదిలేద్దాం. కానీ ఒక్కో బిడ్డ ఐదు రోజులు ముందే ఇంటికి పోతే ఖాళీ అయ్యే వార్మర్లు ఎన్నో ఆసుపత్రి సూపరింటెండెంట్లకు ఎవరూ లెక్కగట్టి చెప్పనక్కర్లేదు. మన పరిస్థితుల్లో అంత తగ్గుతుందో లేదో గానీ, తల్లికి చోటిస్తే బిడ్డల చోటు తగ్గిపోతుందన్న వాదన మాత్రం అంత గట్టిగా నిలబడదు.

కాబట్టి వాస్తవంగా ఆలోచిస్తే రెండంచెలుగా చేయొచ్చు. బిడ్డ పక్కన కొన్ని మంచాలు, కంగారూ పద్ధతిలో ఉన్న తల్లులకు. మిగతా తల్లులకు, వాళ్ల తోడుగా వచ్చిన ఒక్కరికి, ఆసుపత్రి ఆవరణలోనే పెద్ద హాలు. ఈ హాలు ఎలా ఉండాలన్నది కట్టేముందే బాలింతలను అడిగితే చాలా తప్పులు తప్పుతాయి. ఎస్ఎన్‌సీయూకి నడిచి ఐదు నిమిషాల్లోపు ఉండాలి, రాత్రి రెండింటికి ఒంటరిగా నడిచి వచ్చే దారి అది, అందుకని లైట్లు ఉండాలి, కుక్కలు ఉండకూడదు, కాపలాకు ఆడమనిషి ఉండాలి. మేడ మీద అయితే లిఫ్టు పనిచేయాలి, కుట్లున్న మనిషి మెట్లెక్కకూడదు. కనీసం కొన్ని మరుగుదొడ్లు కూర్చునే రకం ఉండాలి. వేడినీళ్లు, దోమతెరలు, బట్టలు ఆరేసుకునే చోటు, తాళం వేసుకునే అర. పాలు పిండుకోవడానికి తెర వేసిన మూల, పాల కోసమే ఒక ఫ్రిజ్, అందులో పేరూ టైమూ రాసిన గిన్నెలు. ఇంకొకటి, ఇది అందరూ మరిచిపోయేది: లోపల బిడ్డకు ఏదైనా అయితే తల్లిని పిలిచే పద్ధతి. ఒక ఇంటర్‌కామ్ ఫోన్ చాలు. అది లేకనే చాలామంది తల్లులు మంచం ఉన్నా అక్కడ పడుకోరు, పిలుస్తారేమోనన్న టెన్షన్‌తో ఎస్ఎన్‌సీయూ తలుపు ముందే కూర్చుంటారు.

తోడు సంగతి కూడా తేల్చాలి. మన దగ్గర తొలి కాన్పు పుట్టింట్లో, కాబట్టి తోడుండేది ఎక్కువగా అమ్మమ్మ. బాలింత గడప దాటకూడదు, చలిగాలి తగలకూడదు, పత్యం తినాలి అన్న పెద్దల పట్టుదల వెనక ఉన్నది ఆమెకు విశ్రాంతి కావాలన్న ఆలోచనే, ఆసుపత్రి గేటు దగ్గరే దానికి గండి పడుతుంది. ఆ అమ్మమ్మకు మంచం లేకపోయినా చాప వేసుకునే చోటు, పత్యం వండుకోవడానికి ఒక పొయ్యి ఇస్తే తల్లి ఆరోగ్యం సగం కుదుటపడుతుంది. తండ్రికి ఆడవాళ్ల హాల్లో చోటు ఉండదు, ఉండకూడదు కూడా, అతనికి విడిగా చిన్న డార్మిటరీ కావాలి. 2017 మార్గదర్శకాలు తండ్రిని కూడా లెక్కలోకి తీసుకున్నాయి, బిడ్డను గుండెల మీద కట్టుకోవడం అతనూ చేయొచ్చు, తల్లి నాలుగు గంటలు నిద్రపోవాలంటే ఆ నాలుగు గంటలు చేయాల్సింది అతనే. బస్టాండులో రాత్రి గడిపి, పొద్దున కూలికి పోవాలా ఉండాలా అని తేల్చుకోలేని మనిషిని ఆ పని చేయమని అడగలేం. భోజనం వరకు అన్న క్యాంటీన్ ఐదు రూపాయలకు ఆదుకుంటుంది, పడక విషయంలో అలాంటి ఏర్పాటు ఒక్కటీ కనపడదు.

డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది అంటే, దారులు చాలానే ఉన్నాయి. ఆసుపత్రి అభివృద్ధి సంఘం నిధులు, ఎంపీకి ఏడాదికి వచ్చే 5 కోట్లు, 2013 కంపెనీల చట్టం కింద పెద్ద కంపెనీలు లాభాల్లో సామాజిక పనులకు పెట్టాల్సిన 2 శాతం. రాయలసీమకు ఇంకొకటి ఉంది, జిల్లా ఖనిజ నిధి. 2015లో గనుల చట్టాన్ని సవరించి తెచ్చిన ఈ నిధి గనులు ఉన్న ప్రాంతాల కోసమే, అందులో ఆరోగ్యం ముఖ్యమైన ఖర్చుల జాబితాలో ఉంది, బనగానపల్లె వైపు సున్నపురాయి గనులు, అనంతపురం వైపు ఇనుప ఖనిజం గనులు మనకు కొత్తకాదు. కట్టడానికి డబ్బు ఎలాగోలా దొరుకుతుంది, నడపడమే అసలు కష్టం. రిబ్బను కత్తిరించిన రెండేళ్లకు తాళం పడిన విశ్రాంతి భవనాలు ఏ జిల్లాలో లేవు? ఊడ్చే మనిషి జీతం, కరెంటు, నీళ్లు, దుప్పట్ల ఉతుకు ఏటేటా ఎవరు భరిస్తారో మొదటే రాసుకోకుండా పునాది వేయకూడదు.

నడపడం మన ప్రాంతానికి తెలియని విద్య కాదు. శ్రీశైలంలో, మహానందిలో, అహోబిలంలో, మంత్రాలయంలో యాత్రికుల కోసం సత్రాలు కట్టినవాళ్లు, ఏళ్ల తరబడి అన్నదానం నడుపుతున్నవాళ్లు ఈ జిల్లాల్లోనూ ఉన్నారు. దాతల పేర్లు చెక్కిన రాళ్లు అక్కడ గోడ గోడకూ ఉంటాయి. ఆసుపత్రి పక్కన అలాంటిదే ఒకటి కట్టమంటే ముందుకొచ్చేవాళ్లు ఉంటారు, అడిగేవాళ్లు కావాలి. తేడా ఒకటుంది, అది మొదటే తెలియాలి. సత్రంలో ఒకటి రెండు రాత్రులు, ఇక్కడ ముప్పై నలభై. మూడు రోజులకు మించి ఉండరాదు అన్న బోర్డు పెడితే పనికిరాదు, గడువు తల్లిది కాకుండా బిడ్డది అయి ఉండాలి. కులం పేరు అడగకూడదు. దేశంలో ఈ తరహా పని జరగనిదేమీ కాదు, క్యాన్సర్ వచ్చిన పిల్లల కుటుంబాల కోసం సెయింట్ జూడ్ ఇండియా చైల్డ్‌కేర్ సెంటర్స్ 2006లో ముంబైలో మొదలై తర్వాత వేరే నగరాలకూ వెళ్లింది. అక్కడ చోటు ఉచితం, ఉన్నన్నాళ్లూ ఉండొచ్చన్న భరోసా ఉంటుంది కాబట్టి కుటుంబాలు చికిత్స మధ్యలో వదిలి పోవాల్సిన అవసరం తగ్గుతుంది. నెలలు నిండకుండా పుట్టిన పిల్లల విషయంలో కావాల్సింది కూడా ఆ భరోసానే.

ఇవన్నీ వచ్చేదాకా కొన్ని పనులకు పైసా ఖర్చు లేదు. బిడ్డ ఎస్ఎన్‌సీయూలో ఉన్నంతకాలం తల్లి కేసు షీటును మూసేయకుండా బిడ్డ షీటుకు జతచేస్తే ఆమెకు భోజనం, మందులు, గేటు పాసు అడగకుండానే కొనసాగుతాయి. రాత్రి పది తర్వాత తల్లిని ఆపకూడదని సెక్యూరిటీ వాళ్లకు రాతపూర్వకంగా చెప్పొచ్చు. ఊరి నుంచి బిడ్డను పంపే పీహెచ్‌సీ డాక్టరు, ఆశా కార్యకర్త, బిడ్డ ఎన్ని వారాలు ఉండాల్సి రావచ్చో కుటుంబానికి ముందే చెబితే వాళ్లు రెండు జతల బట్టలతో కాకుండా తయారై వస్తారు, పెద్దపిల్లను ఎవరి దగ్గర వదలాలో చూసుకుంటారు.

డిశ్చార్జి తర్వాత కూడా ఈ పడక అవసరం తీరదు. 34 వారాల లోపు పుట్టిన పిల్లలకు, 2 కిలోల లోపు బరువున్న పిల్లలకు కంటి రెటీనా పరీక్ష నాలుగో వారం లోపల చేయాలి, మరీ చిన్న పిల్లలకు ఇంకా ముందే. ఆ పరీక్షను రెటీనా పూర్తిగా ఎదిగేదాకా వారానికో రెండు వారాలకో మళ్లీ చేయాల్సి రావచ్చు, ఆలస్యమైతే చూపు శాశ్వతంగా పోయే ప్రమాదం ఉంది. హొళగుంద నుంచి కిలో ఎనిమిదొందల బిడ్డను ఒళ్లో పెట్టుకుని తెల్లవారుజామున బస్సెక్కి, ఓపీలో టోకెను తీసుకుని, కళ్లల్లో చుక్కలు వేయించుకుని, పరీక్ష అయ్యేసరికి సాయంత్రమై, తిరుగు బస్సు తప్పిపోయే తల్లికి కూడా ఆ హాల్లో ఒక రాత్రి ఉండే వీలుండాలి. నియమాల్లో ఆ ఒక్క వాక్యం కూడా మొదటే రాసి పెట్టుకోవాలి.